పావుకిలో కొసరు

నేను ఒక తక్కెడను. రెండు పళ్ళేలు, ఆరు గొలుసులు, నడుమ ఒక ముల్లు. ఆ ముల్లు నిటారుగా నిలబడితే న్యాయం జరిగినట్టే. ఇంత సూటిగా ఉండేది మనుషుల్లో ఒక్కరుంటే చూపించండి, ఒప్పుకుంటాను.

బేగంబజారు వెనక సందులో ఒక కమ్మరి నన్ను చేశాడు. మొదట పల్లీలమ్మే జంగయ్య చేతిలో పడ్డాను. ఆయన సరుకు వేసే పళ్ళెం అడుగున చింతపండు అంటించి, ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూసేవాడు. తూనికల అధికారికి దొరికిపోయాక, జరిమానా కట్టడానికి నన్ను తార్నాక దగ్గర బండి మీద కూరగాయలమ్మే బాలమణికి అమ్మేశాడు. తప్పు ఆయనది, బజారు విడిచింది నేను.

బాలమణి చింతపండు జోలికి పోలేదు. కానీ ఆమెకు కొసరు వేసే జబ్బు ఉంది. నేను తిప్పలు పడి ముల్లు నిలబెట్టి కిలో అని తేల్చాక, కొన్నవాళ్ళు సంచి నోరు తెరిచి "కొసరు వెయ్యక్కా" అంటారు. ఆమె కసిరినట్టే కసిరి రెండు టమాటాలో, గుప్పెడు మిర్చో పడేస్తుంది. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. నాకు ఒళ్ళు మండేది.

అలాంటి బండి దగ్గరికి రెహేమా వచ్చింది. యూనివర్సిటీలో చదువుకోవడానికి టాంజానియా నుంచి వచ్చిన పిల్ల. అందరికీ నలభై చెప్పే టమాటాను బాలమణి ఆమెకు అరవై చెప్పింది. పక్కబండి మల్లేశు ఇదేమిటని గొణిగితే, "విమానమెక్కి వచ్చినోళ్ళకు ఇర్వై రూపాయలొక లెక్కనా?" అంది. టికెట్టు కొన్నాక జేబులో ఏం మిగులుతుందో విమానం ఎక్కని బాలమణికి ఏం తెలుసు!

రెహేమా బేరమాడకుండా ఇచ్చేసేది. గది అద్దె, గ్యాసు, నీళ్ళడబ్బా పోను తిండికి మిగిలేదే కొంచెం. మొదట్లో కిలోలు కొన్న పిల్ల అర్ధకిలోకు, తర్వాత పావుకిలోకు దిగింది. నెలాఖరున అసలు కనిపించేది కాదు. మళ్ళీ వచ్చేసరికి బుగ్గలు పీక్కుపోయి ఉండేవి. మనుషుల్ని తూచడం నా పని కాదు గానీ, తరుగు కనిపెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇలాగే సాగితే ఈ పిల్ల చదువు మధ్యలోనే మూటాముల్లె సర్దుకుంటుందని భయం వేసింది.

ఒక ఆదివారం ఆమె వచ్చి, అందరూ వెళ్ళేదాకా ఆగి, చేతిలో చిల్లర చూపించి, కొత్తగా నేర్చిన తెలుగులో అడిగింది.

"అమ్మా, పావుకిలో కొసరు ఇవ్వండి."

బాలమణి పడీపడీ నవ్వింది. మల్లేశు బండి మీద వాలిపోయాడు. నా గొలుసులు కూడా కదిలాయి, అబద్ధమెందుకు.

"కొసర్ను తూకమేసి కొంటరా బిడ్డా? గదేమన్న కాయనా, పండా?"

రెహేమా ముఖం ముడుచుకుపోయింది. "అందరూ చివర్లో అడుగుతారు. డబ్బులివ్వకపోయినా మీరు ఇస్తారు. అన్నిటికంటే చవక కూర అనుకున్నాను. ఈ రోజు నా దగ్గర ఇంతే ఉంది."

బాలమణి నవ్వు ఆగిపోయింది.

"నీకెన్నడు నేను కొసరు వెయ్యలేదా?"

"లేదు."

"మరి అడగాలె గద!"

"అదేమిటో తెలియకుండా ఎట్లా అడగాలి?"

"కొన్నదాని మీద ఊకెనే వేసేదే కొసరు. దానికి పైసలుండవు."

రెహేమా కళ్ళు పెద్దవయ్యాయి. "న్యోంగెజా! మా ఊళ్ళో న్యోంగెజా అంటారు. మా అమ్మ చేపలమ్ముతుంది. అది వెయ్యకపోతే మళ్ళీ ఎవరూ రారు."

"మీ అమ్మది గూడ బండేనా?"

"బండి లేదు. నేల మీద కూర్చుని అమ్ముతుంది."

బాలమణి ఆమె చేతిలోని చిల్లర అందుకుంది. తర్వాత నన్ను ఎత్తి, ఆ చిల్లరకు నలభై లెక్కన టమాటాలు తూచింది. అడక్కుండానే వంకాయలు వేసింది. మిర్చి, కరివేపాకు, ఆపైన ఒక సొరకాయ. పళ్ళెం వెళ్ళి నేలకు తగిలింది. నా ముల్లు ఎటు ఒరిగిందో నేను చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

ఇప్పుడు బండి మీద అంకెలు వెలిగే కొత్త కాటా ఉంది. నేను బండి కిందికి చేరాను. నా పళ్ళెం ఒకటి ఊడదీసి బాలమణి దాంతో కొత్తిమీర మీద నీళ్ళు చల్లుకుంటోంది. చేసిన సేవకు మనుషులిచ్చే పింఛను ఇంతే. అయినా ఆదివారాలు బాగానే గడుస్తాయి. రెహేమా బుగ్గలు నిండాయి, గొంతు లేచింది. వంకాయలో పుచ్చు చూపించి ధర దించే దాకా బండి వదలదు.

మొన్న ఆమె వెంట వాళ్ళ దేశం నుంచి కొత్తగా వచ్చిన పిల్ల ఒకతె వచ్చింది. బెరుకు బెరుకుగా టమాటాలు చూపించింది. బాలమణి నోట అలవాటు కొద్దీ "అరవై" అని వచ్చేసింది.

రెహేమా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బాలమణక్కా!"

బాలమణి నాలిక కరుచుకుంది, ఒక్క క్షణమే.

"ఏందే గట్ల చూస్తవు? కిలోన్నర అరవై అన్న. ఇనవడలేదా?"

బండి కింద నేను లెక్క వేసి చూశాను. సరిపోయింది.