భార్యల గది

శనివారం పొద్దున్నే మేజోళ్ళు నానబెట్టాను. స్కార్‌బెక్ టౌన్ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు మేజోళ్ళవి. ఆ బురద మెషిన్‌కు లొంగదు, ముందు చేత్తో రుద్దాల్సిందే. "క్లబ్బు లాండ్రీలో మగ జట్టు బట్టలే పట్టడం లేదు గ్లెనిస్, ఈ ఒక్క ఏడాదీ సర్దుకో" అన్నాడు మా ఆయన క్లైవ్, క్లబ్బు చైర్మన్. ఆ ఒక్క ఏడాది ఇంకా నడుస్తూనే ఉంది. అయినా ఆ పిల్లలు వానలో బంతి వెంట పరిగెత్తడం చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మా చిన్నప్పుడు ఆడపిల్లలను మైదానంలో అడుగే పెట్టనిచ్చేవారు కాదు.

"ఇవాళ పెట్టుబడి పెట్టేవాళ్ళొస్తున్నారు" అన్నాడు క్లైవ్, నాచేత టై కట్టించుకుంటూ. "మన లెక్కల మీద లీగ్ వాళ్ళ విచారణతో అందరూ బెదిరిపోయారు. వీళ్ళూ వెనక్కి తగ్గితే క్లబ్బు మూతే. నువ్వు నోరు జారకు. నవ్వుతూ టీ పొయ్యి, చాలు."

మా స్టేడియంలో డైరెక్టర్ల భార్యలకూ, అతిథుల భార్యలకూ వేరే గది ఉంది. మగవాళ్ళు బోర్డురూములో, మేం ఇక్కడ. మైదానం వైపు కిటికీ కూడా లేదు. గోడ అవతల వేలమంది ఒక్క గొంతుతో పాడితే కప్పులు సాసర్లలో వణుకుతాయి. ఇన్నేళ్ళయినా ఆ వణుకుకు నా గుండె ఉప్పొంగుతుంది. అంతమంది ప్రేమ మా ఆయన చేతుల్లో ఉందే అని భయమూ వేస్తుంది.

మధ్యాహ్నం క్లైవ్ ఒక పొడుగాటాయన భుజం మీద చెయ్యేసి బోర్డురూముకు తీసుకుపోతూ, వెంట ఉన్నావిడను మా గదిలోకి పంపాడు. "మా గ్లెన్‌తో కబుర్లు చెబుతూ ఉండండమ్మా. ఈ లెక్కల గొడవ మీకెందుకు!"

ఆవిడ నవ్వి కూర్చుంది. "ఆయన నా కారు డ్రైవరు" అంది మెల్లగా. "పెట్టుబడి నాది. నా పేరు ఇన్‌గ్రిడ్."

"అయ్యో, ఉండండి, మా ఆయన్ని పిలుస్తాను!"

"వద్దులెండి. పాపం, ఆ డ్రైవరునీ ఓ పూట మంచి భోజనం చెయ్యనివ్వండి."

తనను తక్కువ చేసినవాణ్ణి సరిదిద్దే తొందర కూడా లేకుండా, ఒక ఆడది అలా కుర్చీ నిండుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్కటడుగుతాను" అంది. "క్లబ్బు నష్టాలకు లీగ్ హద్దు పెట్టింది. ఆడపిల్లల జట్టుకయ్యే ఖర్చు మాత్రం ఆ నష్టాల్లో కలపరు. మీవాళ్ళ లెక్కల ప్రకారం ఆ జట్టుకు చాలా చేస్తున్నారు. సొంత లాండ్రీ, వంటవాళ్ళు, బస్సు. అదే నిజమైతే ఇవాళే సంతకం పెడతాను. నిజమేనా?"

"మన ఆడపిల్లలే మనని గట్టెక్కిస్తారు గ్లెన్" అని ఆమధ్య క్లైవ్ అన్నప్పుడు నేనెంత మురిసిపోయానో గుర్తొచ్చింది. మగ ఆటగాళ్ళ జీతాలు ఆడపిల్లల లాండ్రీ, బస్సు ఖర్చుల పేరు చాటున దాక్కున్నాయని ఇప్పుడర్థమైంది. అవునంటే క్లబ్బు నిలుస్తుంది. అవతల పాట లేచింది, కప్పులు వణికాయి. ఆ పాడేవాళ్ళ కోసం 'అవును' నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వేళ్ళ సందుల్లో సబ్బు మంట ఇంకా తగ్గలేదు.

లేచి కోటు అందుకున్నాను.

"పదండి, ఆ లాండ్రీ చూద్దురుగాని" అన్నాను. "మా వంటింట్లో ఉంది, సింకు పక్కన."