కడగని చిప్ప

తోటికోడలు దొంగ అని పెద్దకోడలికి తెలిసిపోయింది. రుజువొక్కటే దొరకాలి.

రుజువు లేకుండా ఎలా తెలిసిందని అడగొద్దు. అనుమానం అలాగే వస్తుంది. ముందు మనిషి దొరుకుతుంది, తర్వాత నేరం వెతుక్కుంటాం.

ఇద్దరూ రబ్బరు తోటలో పాలు గీసేవాళ్లు. పక్కపక్క వరుసలు, మధ్యలో ఒక కాలిబాట. తెల్లవారకముందే లేచి, వంపు కత్తితో ఒక్కో చెట్టు బెరడు మీద వాలుగా సన్నటి పొర తీయాలి. గీత చివర రేకుముక్క, దాని కింద తీగకు తగిలించిన మట్టిచిప్ప. పాలు గీత వెంట జారి చిప్పలో పడతాయి. వరుసంతా గీసి, ధార ఆగేదాకా కూర్చుని, మళ్లీ మొదటి చెట్టు నుంచి చిప్పలన్నీ క్యానులోకి వంచుకుని తూకం షెడ్డుకు మోయాలి. గీసేదీ మోసేదీ కూలీలు. పాలు కంపెనీవి.

కొన్నాళ్లుగా పెద్దకోడలి క్యాను తేలికైపోతోంది. మొదట కత్తిని అనుమానించి నూరింది. తర్వాత ఎండను అనుమానించింది. తర్వాత తూకం ముల్లును. చివరికి మనిషిని అనుమానించింది. ఆ క్షణం నుంచి కత్తి, ఎండ, ముల్లు అన్నీ నిర్దోషులైపోయాయి.

ఆ అనుమానానికి తోట మేస్త్రీ నీళ్లు పోసి పెంచాడు. ఆయన గట్టిగా అరిచే రకం కాదు. అరిచేవాడైతే కనీసం తిట్టుకోవచ్చు. పెద్దకోడల్ని షెడ్డు వెనక్కి పిలిచి, కష్టసుఖాలు మాట్లాడే మేనమామలా గొంతు తగ్గించి చెప్పాడు.

"పాలు చెట్టు ఎగ్గొట్టదమ్మా. చెట్టుకు దొంగబుద్ధి ఉండదు. నీ వరుస పక్కన ఎవరు తిరుగుతారో నాకంటే నీకే బాగా తెలుసు. శనివారం తూకంలోగా పేరు చెప్పు. చెప్పకపోతే నువ్వే తీస్తున్నావనుకోవాల్సి వస్తుంది. కంపెనీ దొంగలకి ఇల్లివ్వదు."

కంపెనీ ఇల్లంటే కూలీ లైనులో రెండు గదులు. ముందు గదిలో పెద్దకొడుకూ పెద్దకోడలూ, వెనక గదిలో చిన్నకొడుకూ చిన్నకోడలూ, రెండింటి మధ్య గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని అత్త. అన్నదమ్ములిద్దరూ రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగదిలో పనిచేసేవాళ్లు. ఇంటికొచ్చి దగ్గుతారు, తింటారు, పడుకుంటారు. ఇంటి సంగతులు వాళ్లదాకా వెళ్లవు. ఇక లెక్క తేలికే. పేరు చెబితే వెనక గది ఖాళీ అవుతుంది. చెప్పకపోతే ముందు గది.

పెద్దకోడలు అప్పటినుంచి కళ్లు నాలుగు చేసుకుంది.

చిన్నకోడలు ఏం చేసినా దొంగతనంలాగే కనపడసాగింది. తోట నుంచి ఆలస్యంగా వచ్చేది. మేస్త్రీ సైకిలు గంట వినపడితే ఉలిక్కిపడేది. వెనక గదిలో మంచం కింద ఏదో డబ్బా పెట్టి, దానిమీద పాతగుడ్డలు కప్పింది. అడిగితే, ఏం లేదక్కా, పాత సామాను అంది. పైగా ఆ బంతి ఒకటి. గీతల మీద ఎండిపోయిన రబ్బరు దారాల్ని పీకి బంతిలా చుట్టడం తోటలో అందరికీ అలవాటే. చిన్నకోడలు ఆ బంతిని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేది. అది రోజురోజుకీ లావవుతోంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెద్దకోడలు దాన్ని జానతో కొలిచేది. తూకంలో పాలు తక్కువ చూపించేదానికి ఇన్ని దారాలెక్కడివి?

అన్నిటికంటే పెద్దకోడలికి ఒళ్లు మండేది చిప్పల దగ్గర. ఆవిడ పాలు వంచుకున్నాక ప్రతి చిప్పనీ గుడ్డపీలికతో తుడిచి, మొండిమరకలు గోటితో గీకి, బోర్లించి మరీ తగిలించేది. చిన్నకోడలు వంచిన చిప్పని వంచినట్టే తగిలించేసి పోయేది. ఆ చిప్పలు అంట్లగిన్నెల్లా ఉండేవి. పనిలో శుభ్రం లేనిదానికి బుద్ధిలో శుభ్రం ఎక్కణ్ణుంచి వస్తుందని పెద్దకోడలి వాదన. అత్త ఒకసారి ఆ వాదన విని, చిప్పలు తోమినంత శ్రద్ధగా మొగుడి చొక్కా ఉతికితే వాడి దగ్గన్నా తగ్గును అంది.

బుధవారం పెద్దకోడలు వల పన్నింది. పొగగది నుంచి మొగుడి చేత బూడిద తెప్పించి, తన చెట్ల మొదళ్ల చుట్టూ చల్లింది. మర్నాడు పొద్దున చూస్తే అడుగులే అడుగులు. అడ్డగీతల అచ్చు. పట్టానే అనుకుంది. తీరా చూస్తే అవి కంపెనీ పంచిన చెప్పులు. తోటంతా అవే చెప్పులు. కాస్త వెనక్కి జరిగి చూసుకుంటే తన కాలికిందా అదే అచ్చు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అటూ ఇటూ చూసి, చెరిపేసింది.

ఆ సాయంత్రం అత్త మంచమ్మీద కూర్చుని గోడతో చెప్పినట్టు చెప్పింది.

"ముందు గదిదేమో బంతి కొలుస్తుంది. వెనక గదిదేమో క్యాను వాసన చూస్తుంది. నాకు కళ్లు మందగించాయి గానీ పోలేదు."

ఇంకెవరైనా అయితే ఆ మాటకి ఆగి ఆలోచించేవాళ్లు. పెద్దకోడలికి చెవిలో పడింది సగమే. నా క్యాను వాసన చూస్తోందా? ఎందుకు? ఎంత మిగిల్చానో చూసుకోడానికి కాకపోతే.

శుక్రవారం వరుస గీయడం అయ్యాక, అందరూ కూర్చునే చోటికి పోకుండా, లావుపాటి చెట్టు వెనక నక్కింది. కత్తి చేతిలోనే ఉంది. ఎండ ముదిరింది. రబ్బరుకాయ ఒకటి పైన కొమ్మన టప్పున పగిలి, గింజ వచ్చి వీపుకు తగిలింది. ఎవరో రాయి విసిరారనుకుని నోరు నొక్కుకుంది.

చిన్నకోడలు వచ్చింది. దర్జాగా రాలేదు. బాట దాటేముందు అటూ ఇటూ చూసి, పెద్దకోడలి మొదటి చెట్టు దగ్గరికి వెళ్లి, చిప్ప తీసి లోపలికి తొంగిచూసి తగిలించింది. రెండో చెట్టు దగ్గరా అంతే. మూడో చిప్ప తీయగానే పెద్దకోడలు బయటికొచ్చింది.

"దొరికావే."

చిన్నకోడలు చిప్ప వదల్లేదు. "నువ్వూ దొరికావక్కా. చెట్టు వెనక నీకేం పని?"

"నా వరుస. ఎక్కడైనా నిలబడతా."

"నిన్న నా వరుసలో ఎందుకు నిలబడ్డావు మరి? నీ చెప్పులకున్న బూడిద నా చెట్లదాకా ఉంది."

పెద్దకోడలు చెప్పుల్ని వెనక్కి జరుపుకుంది. వెళ్లిన మాట నిజమే. "మాట మార్చకు. పాలు ఎక్కడ దాస్తున్నావు?"

"అదే నిన్నడుగుదామని వచ్చా. నా క్యాను సగానికి పడిపోయింది. నీ పేరు చెప్పమని మేస్త్రీ పీక మీద కూర్చున్నాడు. పాలు చెట్టు ఎగ్గొట్టదమ్మా, చెట్టుకు దొంగబుద్ధి ఉండదు అంటాడు. రేపటిలోగా చెప్పాలట. లేకపోతే గది పోతుందట."

అక్షరం పొల్లుపోలేదు. ఆ 'అమ్మా' అనే సాగదీత కూడా అదే. అయినా అనుమానం ఒక్క మాటకి చచ్చేది కాదు. ఆ రోజు షెడ్డు వెనక నిలబడి విన్నదేమో.

"పద," అంది. "నీ చిప్పలు చూపించు."

బాట దాటి వెళ్లారు. మొదటి చిప్ప తీయగానే పెద్దకోడలు అలవాటు కొద్దీ తిట్టడం మొదలుపెట్టింది. ఎన్ని నెలలైందే దీన్ని కడిగి, దీనిలో కుక్క కూడా మూతి పెట్టదు అంటూ గోటితో అంచు గీకబోయింది. గీకబోయి ఆగింది.

చిప్ప లోపల చారలున్నాయి. పాలు నిలిచిన చోటల్లా చుట్టూ ఒక పొర ఎండి చారవుతుంది. అంచు దగ్గర నల్లటి చార, అది ఎప్పటిదో. దాని కింద గోధుమరంగుది. దాని కింద పసుపుది. అలా బావిలో నీళ్లు దిగిపోయిన గుర్తుల్లా ఒకదాని కిందొకటి దిగుతూ వచ్చి, అడుగున ఇవాళ్టి పాలు, వాటి చుట్టూనే ఇవాళ్టి తెల్లటి తడిచార.

ఎవరైనా తోడుకుపోయి ఉంటే తెల్లచార పైన ఉండి, పాలు కింద ఉండాలి. లేదు. పాలు ఎంతదాకా వచ్చాయో అంతదాకే ఉన్నాయి. ఎవరూ వేలు కూడా ముంచలేదు.

రెండో చిప్పా అంతే. మూడోదీ అంతే. పెద్దకోడలు తన వరుసవైపు చూసింది. అక్కడ అద్దాల్లాంటి చిప్పలు, ఒక్కదానికీ చార లేదు. దొంగని పట్టాలని అన్ని రోజులు కాపలా కాసి, సాక్ష్యాన్ని రోజూ తన చేత్తోనే తుడిచి పారేసింది.

అయిదో చెట్టు దగ్గర ఇంకో వింత. ఆ చిప్పలో చారలు దిగలేదు. అన్నీ అంచు దగ్గరే, ఒకదానిమీదొకటి. పాలు ఇవాళ కూడా నిండుగా ఉన్నాయి.

"ఇదెందుకు కారుతోంది?"

చిన్నకోడలు తల దించుకుంది. తలెత్తకుండానే గొణిగింది. "దానికి మందు రాయలేదక్కా."

కిందటేడు మేస్త్రీ పసుప్పచ్చటి మందు డబ్బాలు పంచాడు. గీత కింద కుంచెతో పూస్తే పాలు ఎక్కువొస్తాయన్నాడు. వచ్చాయి. చిప్పలు పొంగాయి. అది చూసి, ఒకసారి పూసేచోట రెండుసార్లు పూయమన్నాడు. పెద్దకోడలు ఒక్క చెట్టునీ వదలకుండా పూసింది. బాగా పనిచేసిందని అందరి ముందు తువ్వాలు బహుమానం ఇచ్చారు. చిన్నకోడలు సగం చెట్లకి పూసి, మిగతావాటికి చేతులు నొప్పెట్టి మానేసింది. మిగిలిన మందు ఎక్కడ పారబోస్తే ఎవరు చూస్తారోనని ఇంటికి తెచ్చి మంచం కింద దాచింది. ఆ ఉలికిపాటు దానికే. తోటలో ఆలస్యమూ దానికే. పూయని చెట్లెందుకు కారుతున్నాయో, పూసినవెందుకు ఎండాయో తిరిగి తిరిగి చూసుకునేది. నోరు విప్పితే మందు పూయలేదని తెలిసిపోతుంది. అందుకని తనూ దొంగనే వెతికింది.

పెద్దకోడలు తన వరుసకొచ్చి ఒక గీత మీద కత్తి ఆనించి పొర తీసింది. కోసిన బెరడు గోధుమరంగుగా, ఎండుగా ఉంది. గీత కొసన మాత్రం ఒక చుక్క నిలబడింది. అది కూడా జారలేదు. మందు పెట్టి పూటపూటకీ పిండిన గొడ్డు పొదుగులా ఉంది.

"నీ బద్ధకం తగలెయ్య," అంది. "అదొక్కటే మనకి మిగిలింది."

శనివారం షెడ్డు దగ్గర క్యాన్లతో ఆడవాళ్లంతా వరుసగా నిలబడ్డారు. మేస్త్రీ త్రాసు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పెద్దకోడలి వంతు రాగానే, చెప్పడానికేమైనా ఉందామ్మా అని మెల్లగా అడిగాడు. పేరు చెప్పేస్తే అయిపోతుంది. పేరు నాలుకమీదే ఉంది, నాలుగు రోజులుగా నానుతోంది.

క్యాను దించి, త్రాసు పళ్లెంలో రెండు మురికిచిప్పలు పెట్టింది. ఒకటి మందు పూసిన చెట్టుది, ఒకటి పూయనిది. చారలు చూడమంది.

ఆయన చూశాడు. చాలాసేపు చూడాల్సిన పని ఆయనకి లేదు. ఇరవై ఏళ్లు గీసి మేస్త్రీ అయినవాడు. ఎండిన బెరడుని ఆయన అందరికంటే ముందే చూసి ఉంటాడు. పైవాళ్లకి చెబితే మందు ఎవరు రెండుసార్లు పూయించారని అడుగుతారు. దొంగ దొరికితే ఎవరూ ఏమీ అడగరు.

"పూయమన్న మందు పూయనిదెవరు?" అన్నాడు.

చిన్నకోడలు పెద్దకోడలి వెనక్కి ఒక అడుగు వేసింది. పెద్దకోడలు వెనక్కి తిరగలేదు.

"అది తర్వాత మేస్త్రీగారూ. ముందు ఇది చెప్పండి. నన్ను దీని పేరు అడిగారు. దీన్ని నా పేరు అడిగారు. ఇంకెంతమందిని అడిగారు?"

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. చివరికి వరుస మధ్యలోంచి, అందరూ నిచ్చెన అని పిలిచే పొడుగావిడ, నన్ను మా ఆడబిడ్డ పేరు అడిగాడు అంది. ఆ ఆడబిడ్డ అక్కడే ఉంది. నన్ను మా వదిన పేరు అంది. తర్వాత ఇంకొకరు. క్యాన్లు ఒక్కొక్కటే కింద పెట్టిన చప్పుడైంది. ఆ చప్పుడు మేస్త్రీకి నచ్చలేదు.

ఆయన లేచి, చిప్పలు రెండూ తీసి స్టూలు కింద పెట్టాడు. ఇంత మురికిగా పెడితే పాలు చెడక ఏమవుతాయి, సోమవారం నుంచి ప్రతి చిప్పా రోజూ ఇసకతో తోమాలి, ఇది కంపెనీ ఆర్డరు అన్నాడు. ఎవరి పేరూ మళ్లీ అడగలేదు. గది ఖాళీ మాట ఎత్తలేదు. ఇక ఎత్తడని కాదు. అంతమంది ముందు ఎత్తలేదు, అంతే. అందుకే లైనులో ఆడవాళ్లు ఇప్పుడు తూకానికి విడివిడిగా వెళ్లరు. షెడ్డు వెనక్కి పిలిస్తే ఇద్దరు వెళ్తారు.

ఇంటికి నడుస్తూ పెద్దకోడలు, అదంతా సరేగానీ ఆ బంతి ఎలా పెరుగుతోందే అని అడిగింది.

"నీ చెట్ల దారాలు కూడా పీకుతున్నా," అంది చిన్నకోడలు. "ఎటూ తుడిచి పారేస్తావుగా."

సోమవారం పెద్దకోడలు పాలు వంచుకుని చిప్పను తుడవకుండా తగిలించింది. చెయ్యి ఊరుకోలేదు. రెండు చెట్లు దాటి వెనక్కొచ్చి, గుడ్డపీలిక దాకా పోనిచ్చి, మళ్లీ మానేసింది. అవతలి వరుసలో నిచ్చెనదీ అదే వరస. దూరంగా లావుపాటి చెట్టు వెనక సైకిలు చక్రం ఒకటి కనపడింది. మేస్త్రీ అక్కడ నిలబడి, ఎవరు కడుగుతున్నారో ఎవరు కడగట్లేదో చూస్తున్నాడు.