ధరలక్క సంచి

నెల మొదటి వారం వచ్చిందంటే ధరలక్కకు ఇల్లూ వాకిలీ గుర్తుండేవి కావు. పొద్దున్నే రెండు గుక్కల కాఫీ తాగి, గుడ్డ సంచి భుజాన తగిలించుకుని బజారున పడేది. ఇరవై ఆరేళ్ళుగా అవే కొట్లు. నూనె ఎంత, సబ్బు ఎంత, డజను గుండీలు ఎంత, క్షవరం ఎంత, ఒంటి గది అద్దె ఎంత అని అడిగి, తన కళ్ళతో చూసి, ఫారంలో రాసుకునేది.

"పోయిన నెల చెప్పాను కదక్కా!" అని సెలూన్ అతను విసుక్కుంటే, "పోయిన నెల గీసిన గడ్డం ఈ నెలకు సరిపోయిందా ఏమిటి?" అనేది.

ఆ ఫారాలన్నీ గణాంకాల ఆఫీసుకు చేరేవి. అక్కడ లెక్కగట్టి ధరలు ఎంత శాతం పెరిగాయో ఒక అంకె తేల్చేవాళ్ళు. ఆ అంకె చూసి కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచేదో తగ్గించేదో. ఆ వడ్డీని బట్టి షేర్లూ బాండ్లూ లేచేవి, పడేవి. గుండీల కొట్టులో అక్క అడిగిన మాట అంత దూరం పోయేది.

ధరలు పెరిగిన నెల సంచి బరువెక్కేది. కాగితాలు ఎప్పుడూ అన్నే, కానీ ఆ నెల వాటిని మోయాలంటే ప్రాణం మీదికి వచ్చేది. చవక నెలలో అదే సంచిని చిటికెన వేలికి తగిలించుకుని తిరిగేది. ధరాభారమంటే అంతే కదా అనుకున్నారు అందరూ. బస్సు కండక్టరైతే ఖరీదు నెలల్లో సామాను టికెట్టు కూడా కొట్టేవాడు. ఆ టికెట్టును చూసి ఎవడో ముందే షేర్లు అమ్మేసి మేడ కట్టాడని తెలిశాక, అక్క బస్సెక్కడం మానేసింది.

అప్పట్నుంచి షేర్ బజారు వాళ్ళు ఆమె నడక మీద పడ్డారు. ఫారాలు అప్పజెప్పే రోజున ఆఫీసు గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి, నడుము వంగిందా, అడుగు తడబడిందా అని చూసేవాళ్ళు. "ఇలా ఇవ్వండి మేడమ్, నేను పట్టుకుంటాను" అని సూటూ బూటూ వేసుకున్నవాళ్ళు చేతులు చాచేవాళ్ళు. అక్క ఒక్కరికీ ఇవ్వలేదు. ఎంత బరువున్నా నిట్టనిలువుగా, పెళ్ళి చూడటానికి వెళ్తున్నట్టు నడవడం నేర్చుకుంది. రాత్రి భుజానికి కాపడం పెట్టుకునేది. అది ఆమెకూ ఆమె భుజానికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆమె తమ్ముడు ఒక పెట్టుబడుల కంపెనీలో పనిచేసేవాడు. ఊరి వీధులు ఊడ్చే కార్మికుల పింఛను నిధి అతని చేతిలో ఉండేది. ఒక నెల ఫారాలు ఇవ్వడానికి ముందు రోజు సాయంత్రం వచ్చి, కుర్చీలో కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, ఈసారి ధరలు తగ్గుతాయనీ, బ్యాంకు వడ్డీ తగ్గిస్తుందనీ అంటున్నారు. వడ్డీ తగ్గితే పాత బాండ్లకు రెక్కలొస్తాయి. రేపే నిధి మొత్తం పెట్టి కొనమంటున్నాడు మా బాసు. కొనకపోతే ఉద్యోగం ఊడుతుందట."

"బ్యాంకు వడ్డీ పెంచితే?"

"కొత్త బాండ్లకు ఎక్కువ వడ్డీ వస్తుంటే పాతవాటి మొహం ఎవడు చూస్తాడు? నిధికి పెద్ద గండి పడుతుంది." అతను గోడవారన ఉన్న సంచి వైపు చూశాడు. "ఒక్కసారి ఎత్తనివ్వు. నోటితో ఏమీ చెప్పొద్దు."

అక్క లేచి వెళ్ళి సంచికీ తమ్ముడికీ మధ్య నిలబడింది.

"నువ్వు ఎత్తితే అది దొంగతనమవుతుందిరా."

"తోడబుట్టినవాడి కంటే కాగితాలు ఎక్కువయ్యాయా నీకు?"

"తోడబుట్టినవాడివి కాబట్టే ఇంతసేపు మాట్లాడుతున్నాను. వేరేవాడైతే ఈపాటికి వీధిలో ఉండేవాడు."

తమ్ముడు అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ సంచి ఎన్నడూ లేనంత బరువుంది. మెట్టు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. అయినా టీ కొట్టు ముందు నుంచి అక్క తల తిప్పకుండా, చెమట పట్టకుండా నడిచింది. ఆ గుంపులో తమ్ముడూ ఉన్నాడు. "దూదిపింజలా పోతోంది చూడు, తేలిగ్గా ఉంది!" అంటూ మిగతావాళ్ళు ఫోన్లు తీశారు.

లోపల ఫారాలు ఎక్కించాక కంప్యూటర్ కూడా వాళ్ళ మాటే చెప్పింది. ధరలు దాదాపు పెరగలేదట. పెద్దసారు ఆ కాగితం మీద సంతకం పెట్టబోతుండగా అక్క ఫారాలను తిరిగి సంచిలో వేసి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. బల్ల కాలు ఫెళ్ళున విరిగింది.

పెద్దసారు కలం మూత పెట్టేశాడు. "కంప్యూటర్ తేలికంటోంది, మీ సంచి బరువంటోంది. ఇద్దరిలో ఒకరు తప్పమ్మా."

"నేను రాసిందంతా చూశారా సారూ? పక్క గడి కూడా?"

చూడలేదు. ధర గడి మాత్రమే కంప్యూటర్లోకి ఎక్కించారు. దాని పక్కన అక్క తూకం కూడా రాసింది. నూరు గ్రాముల సబ్బు ఎనభై అయింది. బిస్కెట్ ప్యాకెట్లో నాలుగు తగ్గాయి. నూనె సీసా అడుగు లోపలికి సొట్టపడింది. ధరలు మాత్రం అవే. ఆఫీసంతా కూర్చుని లెక్క మొదట్నుంచి కట్టింది. కొత్త అంకె ఆ సంచి అంత బరువుగా తేలింది.

ఆ అంకె బయటికొచ్చిన మూడో రోజున కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గించకపోగా అర శాతం పెంచింది. పాత బాండ్లు గోడ కూలినట్టు కూలాయి. టీ కొట్టు గుంపులో సగం మంది మళ్ళీ కనబడలేదు.

తమ్ముడి సంగతి అడగడానికి అక్కకు ధైర్యం చాల్లేదు. తప్పు చేయలేదని తెలుసు, అయినా ముద్ద దిగలేదు. నాలుగో రోజు అతనే వచ్చాడు.

"కొన్నావా?" అంది.

"లేదు."

"నా నడక చూసి కనిపెట్టావా?" అక్క గొంతులో భయం వినబడింది.

"నీ నడక చూసి దేవుడు కూడా కనిపెట్టలేడు. నాకేమీ తెలియలేదు. తెలియనప్పుడు ఆ ఊడ్చేవాళ్ళ ముసలితనాన్ని పందెం కాయడానికి నేనెవర్ని? అదే మాట బాసుతో అన్నాను. అప్పుడే గెంటేశాడు. నిధికి సంతకం పెట్టేది నేనే కదా, ఆ పేరు మార్చేలోపు అంకె వచ్చేసింది, కొనడం కుదర్లేదు. ఇవాళ కార్మికుల సంఘం వాళ్ళు వచ్చారు. ఆ కంపెనీతో మాకు పని లేదు, మా డబ్బు ఇక నువ్వే చూడు అన్నారు."

అక్క వంటింట్లోకి వెళ్ళింది. కంచం పెట్టి, అతను రెండోసారి పెట్టించుకునేదాకా అక్కడే కూర్చుంది.

మర్నాడు ఆఫీసులో పేపరు తిరగేస్తూ పెద్దసారు, "ఎవడో మొండివాడు, ఒక్కడే కొనలేదట. మూడువేల మంది పింఛను నిలబెట్టాడు" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో ఆ ఆఫీసులో ఒక్కసారి కూడా ఇంటి విషయం ఎత్తని ధరలక్క లేచి నిలబడింది. గదిలో అందరికీ వినబడేలా చెప్పింది.

"వాడు మా తమ్ముడండీ."