కొండని కమ్మిన మబ్బు

ఆ నర్సుకి పొద్దుట్నుంచీ ఒళ్లు హూనంగా ఉంది. హెలికాప్టర్‌లో వెళ్లి, ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్లని ఆసుపత్రికి చేర్చడం ఆమె పని. అప్పటికే ఒక ట్రిప్పు అయింది. టీ గ్లాసు నోటిదాకా వచ్చిందో లేదో ఫోన్ మోగింది. కొండకి అవతల క్వారీలో బండ దొర్లి ఒకతని కాలు నుజ్జయింది. నెత్తురు ఆగట్లేదు. నిండు చూలాలైన పెళ్లాం పక్కనే గుండెలు బాదుకుంటోంది.

పైలట్‌కి ఇవేవీ చెప్పకూడదు. ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి, అంతే. మనసు కరిగితే కళ్లకి మబ్బు ఆనదని పెట్టిన రూలు.

పైలట్ బయటికెళ్లి చూశాడు. మబ్బు కొండ నడుం దాకా దిగిపోయింది.

"కుదరదమ్మా."

"పక్కనుంచి పోలేమా అన్నా?"

"పక్కనా మబ్బే కదా!"

చూలాలన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట వింటే చాలు, అతను ఆగడు. నిరుడు పక్క ఊరి హెలికాప్టర్ వాళ్లు, ఎవరో పసిబిడ్డ అనగానే ఇలాంటి మబ్బులోకే లేచారు. తిరిగి రాలేదు. అందులో పోయిన నర్సు ఈమెకి తోడికోడలు. ఆవిడ కూతురికి ఇప్పుడు రోజూ ఈమే జడ వేస్తోంది.

మాట మింగేసింది. "తొడకి గుడ్డ గట్టిగా బిగించి, జీపులో ఎదురు తీసుకురండి" అని క్వారీకి ఫోన్లో చెప్పి, డాక్టర్‌తో కలిసి రోడ్డు అంబులెన్స్ ఎక్కింది. కొండ మలుపులో జీపు ఎదురైంది. రోడ్డు పక్కనే రక్తం ఎక్కించారు.

మనిషి దక్కాడు. కాలు దక్కలేదు.

ఆసుపత్రి వరండాలో పెళ్లాం నిలదీసింది. "అంత హెలికాప్టర్ ఉండి ఎందుకమ్మా, చూసి మురిసిపోడానికా?"

జవాబుంది గానీ చెప్పే ఓపిక లేదు. "ముందు నీళ్లు తాగు తల్లీ" అని సీసా అందించింది. ఆ పిల్ల కోపంగానే గటగటా తాగింది.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి పైలట్ గుమ్మంలోనే ఉన్నాడు.

"ఇంతకీ దెబ్బ తగిలింది ఎవరికమ్మా?"

అంతా చెప్పింది. అతను మెట్టు మీద కూలబడ్డాడు.

"ముందే చెప్పుంటే..."

"ఎగిరేవాడివి. అందుకే చెప్పలేదన్నా."

అతను మెట్టు మీంచి లేచాడు. "ఇంటికెళ్లమ్మా" అన్నాడు.

బస్సులో కూర్చోగానే కునుకు పట్టేసింది. కండక్టర్ లేపేసరికి దిగాల్సిన స్టాపు దాటిపోయింది. విసుక్కునే ఓపిక కూడా లేక, దిగి వెనక్కి నడవడం మొదలుపెట్టింది.