ఆళ్లగడ్డలో అబ్రహాము నవ్వు

శనివారం పొద్దున నంద్యాలలో కరెంటు పోయింది. టీవీ ఆగిపోయేసరికి మా ఆయన అబ్రహాము కుర్చీలోంచి లేచి, "ఆళ్లగడ్డకు పోయొద్దాం పా," అన్నాడు. రిటైరైన లెక్కల సారు ఆయన. పెళ్లయిన నాటి నుంచి నన్ను చూసి ఒక్కసారి నవ్విన పాపాన పోలేదు. పెళ్లి ఫొటోలో కూడా ఎవరికో సున్నా మార్కులు వేస్తున్నట్టే ఉంటాడు. ఊరు మారితేనైనా మొహం మారుతుందేమోనని గబగబా చీర మార్చుకున్నాను.

ఆళ్లగడ్డ తరతరాలుగా శిల్పులున్న ఊరు. రోడ్డు పొడవునా రాతి విగ్రహాలే. దేవుళ్ల పక్కనే చెయ్యెత్తిన నాయకులు. రాళ్లు కూడా నవ్వుతున్నాయి కదా అని నాకు కడుపు మండింది.

విశ్వేశ్వరయ్య అనే శిల్పి మా ఆయన్ను చూసి ఉలి కింద పెట్టేశాడు. జూపాడు బంగ్లా అనే ఊరి వైపు ఒక పెద్దాయన చనిపోతే ఇంటివాళ్లు విగ్రహం చేయమన్నారట. ఇచ్చింది ఆధార్ కార్డు ఫొటో. అడిగింది నవ్వు మొహం. మూతి తప్ప విగ్రహమంతా చెక్కేసి అక్కడ ఆగిపోయాడు.

"ఆధార్‌లో ఎవడు నవ్వుతాడు సారూ? నీ మొహం అచ్చం ఆయప్పదే. ఈడ కూచోని రవ్వంత నవ్వితే చాలు," అన్నాడు.

సగం చెక్కిన ఏనుగు మీద కూర్చోబెట్టారు. మా ఆయన పళ్లు చూపించాడు గానీ అది నవ్వు కాదు. టీ బంకాయన జోకులు చెప్పాడు. ఇంకెవరో చక్కిలిగింతలు పెట్టారు. ఊహూ. నాకు ఒళ్లు మండి ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఏందయ్యా, రాయి కోసమన్నా నవ్వలేవా? నా చేతి కూర తిని ఒక్కనాడన్నా బాగుందంటివా? చర్చికి పోతాంటే నన్ను ఇడిసి ముందు ముందు పోతావే, నాకేమన్నా అంటురోగమా?"

ఆయన పెదవి మూల కదిలింది. నవ్వాడు.

"అక్కా, ఆపొద్దు. తిడతానే ఉండు," అంటూ శిల్పి ఉలి అందుకున్నాడు.

తిట్టాను. నిజమైనవి అయిపోయాక కల్పించి తిట్టాను. జనం నాకు కుర్చీ వేశారు, సోడా తాగించారు. పొద్దు వాలేసరికి నా గొంతు పోయింది, రాతికి నవ్వు వచ్చింది.

తిరుగు బస్సులో ఆయన మొహం మళ్లీ మామూలే. ఏడుపు ఆపుకోలేక అడిగేశాను. "ఎవరి విగ్రహానికో ఇచ్చిన నవ్వు నాకెందుకు ఇయ్యలేదు?"

"నీకే నవ్వినా. ఇన్నేండ్లూ ఏమున్నా వంటింట్లో గోడకు చెప్పుకుంటాంటివి. ఈ పొద్దే నా మొహం చూసి చెప్పినావు."

కిటికీ వైపు తిరగబోయి ఆగాను. ఆయన వైపే తిరిగి, పోయిన గొంతుతోనే మొదలుపెట్టాను. "ఇంటికి తాళం ఏసినావా లేదా, ముందు అది చెప్పు."

వేయలేదట. నవ్వుతూ చెప్పాడు.