నావెన్ని, ఇంటివెన్ని

పెరట్లో నెత్తళ్లు శుభ్రం చేస్తుంటే మా బావ అబ్రహాం వచ్చి, సైకిలుకి స్టాండేస్తూనే చెప్పాడు. "సుందరీ, వాల్తేరు నుంచి కబురొచ్చినాది. ఎమ్మే ప్రవేశ పరీక్షలో నీకు మార్కులు సాల్లేదట. సీటు రాదు." ఆ తర్వాత మెత్తగా, "పోనీలే. పులుసులో సింతపండు కాస్త తగ్గించు," అన్నాడు.

కడిగిన చేపల్నే మళ్లీ కడిగాను. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో కూడా అర్థం కాలేదు.

అది అరవై ఎనిమిది. బావ నౌపడలో ఉప్పు మడుల దగ్గర గుమాస్తా. నేను మిషన్ బడిలో టీచరుని. చరిత్రలో ఎం.ఏ. చదివి కాలేజీలో పాఠం చెప్పాలని పెళ్లికి ముందు నుంచీ కోరిక. నన్ను చేసుకున్నాక బావా కాదనలేదు. "మా సుందరి ఎమ్మేకి సదువుతన్నాది," అని చర్చిలో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. సరిగ్గా పరీక్ష ముందు వారమే సువార్త కూటాలు పెట్టారు. బయటూరి దైవజనులు మా ఇంట్లో దిగారు. "వొద్దంటే బాగుంటాదేటి? నీ సేతి వంటంటే వాళ్లకి ఇష్టం," అన్నాడు. పుస్తకం పొయ్యి పక్కన పెట్టుకుని, ఒక పేజీ చదివి, గంజి వార్చి వచ్చి మళ్లీ అదే పేజీ చదివేదాన్ని.

పరీక్షలో తూర్పు గాంగుల గురించి అడిగారు. వాళ్ల గుళ్లున్న శ్రీముఖలింగం మా జిల్లాలోనిదే. ఆ రాజుల కథ పిల్లలకి ఎన్నిసార్లో చెప్పాను. హాల్లో ఒక్క పేరూ వరుసలో రాలేదు. అది అలసటే అనుకుంటాను. కానీ ఐరోపా ప్రశ్నల మాటేమిటి? అవి తీరిగ్గా చదివినా వచ్చేవి కావేమో. అలా అనుకోగానే కూటాల మీద కోపం జారిపోతుంది. కోపం పోతే నాకింకేమీ మిగలదు.

మర్నాడు పొద్దున అంబలి తాగుతూ బావ అన్నాడు. "వచ్చే ఏడు మల్లీ రాస్తానంటే రాయి. నేను అడ్డు సెప్పను. ఇంటికి ఇబ్బంది లేకుండా సూసుకో, అంతే."

మంచి మాటే. ఎవరు విన్నా మంచి మాటే అంటారు. మరి నాకెందుకు అంత మంచిగా వినబడలేదు?

అతను చెప్పులేసుకుంటూ ఉండగా, చాప మీద కూర్చుని వక్క కత్తిరిస్తున్న సీతత్త తలెత్తింది. బావకి తల్లి, మా నాన్నకి స్వయానా అక్క. నా చదువు గురించి ఎన్నడూ మంచీ చెడ్డా అనని మనిషి.

"ఒసే సుందరీ, నీకు సదువు రాలేదా, సదవడానికి అవలేదా?"

వెక్కిరింపు కాదు. తెలుసుకోవాలనే అడిగింది.

"తెలీదత్తా," అన్నాను. అన్నాకే తెలిసింది, నన్ను ఇన్ని గంటలుగా తినేస్తున్నది అదేనని: పోయిన మార్కుల్లో నావెన్ని, ఇంటివెన్ని అని.

"బావా, మళ్లీ రాస్తాను," అన్నాను. "పరీక్ష అయ్యేదాకా ఎవరొచ్చినా వంట నేను చెయ్యను. సాయంత్రాలు బళ్లోనే కూర్చుని చదువుకుంటాను."

"మరి ఇల్లెవరు సూస్తారు?"

"మీరిద్దరూ సూసుకోవాల."

అతను అత్తవైపు చూశాడు. అత్త వక్క కత్తిరిస్తూనే ఉంది. బావ నెమ్మదిగా అడిగాడు. "ఇంత సేసీ అప్పుడూ రాకపోతేనో?"

నాకూ అదే భయం. అయినా నోటికొచ్చింది చెప్పేశాను.

"రాకపోతే, ఆ ఓటమైనా పూర్తిగా నాదవుతాది బావా."