చేపలు చూసే వైపు

విజయనగరం రైల్వే క్వార్టర్సులో మూడో వరస చివరి ఇంట్లో పద్మకుమారి పొద్దున్నే లేచి ముందు చేపల్ని చూసేది, తరవాత పొయ్యి వెలిగించేది. చేపలు కుడిచేతి గోడ వైపు ముఖాలు పెట్టి నిలబడి ఉంటే ఆవిడ భర్త నారాయణమూర్తి పలాస వైపు ఉన్నట్టు. ఎడమ వైపు చూస్తుంటే వాల్తేరు వైపు ఉన్నట్టు. ఆయన గూడ్సు బండి గార్డు. గూడ్సు బండికి వేళ అనేది కాగితం మీద ఉండేది గాని, ఆ కాగితం సంగతి బండికి తెలిసేది కాదు. నౌపడా ఉప్పు వ్యాగన్లు తగిలించుకుని బయల్దేరిన బండి ఏ స్టేషన్లో పక్కనున్న లూపు లైన్లో ఎన్ని గంటలు పడి ఉంటుందో చెప్పగలిగిన మనిషి ఆ రోజుల్లో లేడు. చేపలు మాత్రం చెప్పేవి. బండి ఊరి పొలిమేరకి వచ్చేసరికి ఏడు చేపలూ కలిసి గడియారం ముల్లులా మెల్లిగా తిరిగి, వీధి గుమ్మం వైపు, అంటే స్టేషన్ వైపు, చూసేవి. అప్పుడావిడ అన్నానికి ఎసరు పెట్టేది.

దీన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ అసిరయ్య డ్యూటీకి వెళుతూ కిటికీ దగ్గర ఆగేవాడు.

"అమ్మగోరూ, సేపలెటేపు సూస్తన్నాయి?"

"పలాస ఏపే అసిరయ్యా. ఇంకా కదల్లేదు."

"అలగైతే ఇంటికెల్లి ఇంత గంజి తాగొచ్చెస్తాను."

ఈ సంగతి తెలియనివాడు ఆ క్వార్టర్సన్నిటిలోనూ ఒక్కడే, నారాయణమూర్తి. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ చేపలు ఆయన్నే చూసేవి. పెరట్లోకి వెళితే పెరటి వైపు, పడక్కుర్చీలో కూర్చుంటే కుర్చీ వైపు. ఆకలి కాబోలనుకుని ఆయన తవుడు చల్లేవాడు. చేపలు బాగా ఒళ్లు చేశాయి.

ఆ తొట్టి ఎలా వచ్చిందో చెప్పాలి. అరవై ఏడు వేసవిలో ఆయన ఖరగ్‌పూర్ ట్రైనింగుకి వెళ్లి, అక్కడెవరో ఆఫీసరు ఇంట్లో అద్దాల తొట్టి చూసి వచ్చాడు. వచ్చిన రోజు అన్నం తింటూ, "మనం కూడా ఒకటి కడదామా?" అన్నాడు. వాళ్లకి పెళ్లై తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ఆ తొమ్మిదేళ్లలో ఆయన "మనం" అన్నది అది రెండోసారో మూడోసారో.

కడితే చిన్నది కట్టలేదు. ఆరడుగుల పొడుగు, రెండడుగుల ఎత్తు. ఇనప చట్రం వెల్డింగు చేయించి తెచ్చారు. గంటస్తంభం దగ్గర కొట్లో మందపాటి అద్దాలు కోయించి, దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఆవిడ ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. నెల్లిమర్ల వెళ్లి చంపావతి ఏటి ఇసక తెచ్చారు. ఆ ఇసకని పదిహేడుసార్లు కడిగితే గాని నీళ్లు తేటపడలేదు. సుద్దపొడిలో ఆయన అవిసె నూనె పోస్తుంటే ఆవిడ పూరీ పిండిలా మర్దించి లప్పం చేసేది. ఇప్పటివాళ్లకి లప్పం అంటే గోడలకి పూసే తెల్లపిండి. అప్పుడు కిటికీ అద్దాన్ని చట్రంలో పట్టి ఉంచేది అదే. దాని జిడ్డు వాసన గోళ్లలోంచి మూడు రోజులు పోదు.

ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో మాటలే మాటలు. నూనె ఎక్కువైందని ఆవిడ, చాల్లేదని ఆయన. గులకరాళ్లు ముందు పరచాలా, ఇసకా? నాచు ఎక్కడ దొరుకుతుంది? పక్కింటి జగ్గమ్మ (ఫైర్‌మన్ తల్లి, ముసలావిడ) అరుగు మీంచి కేకేసేది: "ఒలే పద్మా, మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటన్నారేటే?" లోపల ఇద్దరూ నవ్వేవారు.

ఆఖర్న అసిరయ్య పొలం కాలవలోంచి ఏడు పరిగె చేపలు పట్టి తెచ్చాడు. పులుసుకి తప్ప పనికిరావని పేరు గాని, నీళ్లలో ఎండ పడితే పరిగె వెండిరేకులా మెరుస్తుంది. తొట్టి నిండింది. చేపలు తిరిగాయి. దంపతులిద్దరూ ఆ సాయంత్రం ఎదురుగా కూర్చుని చూశారు. మర్నాడూ చూశారు. మూడోనాడు ఆయన ఏదో అనబోయి, అనడానికి ఏమీ లేదని తెలుసుకున్నాడు. చేసే పని అయిపోయింది. మాటలు కూడా దాంతోపాటే అయిపోయాయి.

నారాయణమూర్తి చెడ్డవాడు కాడు. తాగుడు లేదు, పేకాట లేదు. డ్యూటీ దిగాక ఇంటికి రావడానికి ఆయనకి భయం, అంతే. ప్లాట్‌ఫారం చివర, కొళాయి అవతల, గూడ్సు యార్డు వైపు తిరిగి ఒక సిమెంటు బెంచీ ఉండేది. జెండాలూ లాంతరూ పక్కన పెట్టుకుని అక్కడ కూర్చుని, ఇంటికెళ్లి ఏం మాట్లాడాలో అనుకునేవాడు. ఒక గంట ఆలోచించి, "ఎండలు మండిపోతున్నాయి" అనే మాట తయారు చేసుకుని వెళితే, తలుపు తీస్తూ ఆవిడే, "ఎండలు మండిపోతున్నాయండీ" అనేది. ఆయన "ఆఁ" అనేవాడు. ఆ రోజుకి అదే. దాంతో బెంచీ మీద గంట రెండు గంటలైంది, రెండు మూడయ్యాయి. ఇంట్లో చేపలు స్టేషన్ వైపు చూస్తూ ఆగిపోయి ఉండేవి. వండిన అన్నం చల్లారిపోయేది.

మరుసటి ఏడు ఆషాఢంలో ఒకరోజు పొద్దున్న ఏడింటికి చేపలు గుమ్మం వైపు తిరిగాయి. పద్మకుమారి ఎసరు పెట్టింది. ఆనపకాయ కూర చేసింది. ఎనిమిదైంది. తొమ్మిదైంది. పదింటికి అసిరయ్య కిటికీ దగ్గర ఆగాడు.

"సేపలింకా టేసనేపే సూస్తన్నాయా, అమ్మగోరూ?"

"ఆఁ."

అసిరయ్య నేల చూసి తల గోక్కున్నాడు. బెంచీ మీద గార్డుగారిని దాటుకునే వచ్చాడతను. గబగబా వెళ్లిపోయాడు.

పలాసలో ఉన్న మనిషి కోసం ఎన్నాళ్లయినా కూర్చోవచ్చు, ఎప్పుడో వస్తాడు. ఇంత దగ్గర్లో ఉండి రానివాడు ఎప్పుడొస్తాడు? ఆవిడ అన్నం మీద మూత పెట్టింది. సంచీలో రెండు చీరలు పెట్టుకుని, పొందూరులో అన్నయ్య దగ్గరికి వెళుతున్నానని చీటీ రాసి తవుడు డబ్బా కింద ఉంచింది. తాళంచెవి జగ్గమ్మకిచ్చి, పదకొండింటి ప్యాసెంజరుకి స్టేషన్‌కి వెళ్లింది. బండిలో ఆడవాళ్ల పెట్టె ఇటు చివర, బెంచీ అటు చివర. ఎక్కబోతూ ఒకసారి చూసింది. ఆయన వీపు కనిపించింది. తిరిగి చూస్తాడేమోనని మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. ప్యాసెంజరు గార్డు విజిలేశాడు. రోజూ విజిళ్లతోనే పని కాబట్టి నారాయణమూర్తి చెవికి అది ఎక్కలేదు.

మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి, తాళం తీసి, చీటీ చదివి, ఏం చెయ్యాలో తెలీక చేపలకి తవుడు చల్లాడు. చేపలు ముఖం తిప్పలేదు. ఏడూ కుడిచేతి గోడ వైపు చూస్తూ నిలబడ్డాయి. ఆయన అటు వెళ్లి నిలబడ్డాడు. అయినా ఆయన్ని చూడలేదు, ఆయన్ని దాటి చూస్తున్నాయి. ఏడాదిలో మొదటిసారి ఆ ఇంట్లో ఆయన్ని ఎవరూ చూడలేదు.

"జగ్గమ్మగారూ! చేపలకి ఏటో అయింది!"

జగ్గమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. "సేపలకేటవుద్ది? ఇంట్లోవోలు ఎవుల కోసం ఎదురు సూస్తే అటేపు సూస్తాయవి. ఇన్నాల్లూ పద్మ సూసింది, నీ ఏపు సూసినాయి. ఇప్పుడు నువ్వు సూస్తన్నావు."

"నేనింట్లో ఉన్నప్పుడు కూడా నన్నే చూసేవి కదండీ."

"మరదే నాయనా. నువ్వింట్లో ఉన్నా అది ఎదురు సూస్తానే ఉన్నాది." ఆవిడ గొంతు తగ్గించింది. "టేసన్లో మూడేసి గంటలు కూకుంటే ఇంటికాడ తెలీదనుకున్నావేటి?"

నారాయణమూర్తి చాలాసేపు తొట్టి ముందు నిలబడ్డాడు. తరవాత హార్లిక్స్ సీసాలో నీళ్లు ముంచి, ఒక చేపని దాంట్లోకి తీశాడు. అలా వంగినప్పుడు తొట్టి ఎడమ మూల కింద తడిగుడ్డ ఒకటి కనిపించింది.

మూడింటి ప్యాసెంజర్లో సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి బెంచీ మీద కోళ్ల గంపతో ఉన్నాయన సీసా చూసి, "ఎవుల కోసం బాబూ?" అన్నాడు. "మా ఇంటావిడ." "మంచిది" అని ఆయన చుట్ట వెలిగించుకున్నాడు. చేప ఇంజను వైపే చూస్తోంది. బండి నెల్లిమర్ల దాటింది, గరివిడి దాటింది. పొందూరు ఇంకా దూరం. బావమరిదికి ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాడు.

చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీదికి బండి వస్తుండగా చేప కదిలింది. ఇంజను వైపు నుంచి పక్కకి, పక్క నుంచి వెనక్కి. ఆయన సీసా పట్టుకుని, బండి ఆగీ ఆగకుండానే దిగి, చేప చూసిన వైపు నడిచాడు.

ప్లాట్‌ఫారం చివర ఒక బెంచీ ఉంది. సంచీ ఒళ్లో పెట్టుకుని, పట్టాల వైపు చూస్తూ పద్మకుమారి కూర్చుని ఉంది. ఆయన పక్కన కూర్చుని ఇద్దరి మధ్యా సీసా పెట్టాడు.

"దీన్నెందుకు తెచ్చారు?"

"దారి తెలీక."

ఆవిడ సంచీ కిందకి దించింది. "పొందూరుకే టిక్కెట్టు తీశాను. ఇక్కడ దిగిపోయాను. అన్నయ్య ఏటైందని అడిగితే ఏటని చెప్పను? కొట్టలేదు, తిట్టలేదు. అది ఆలోచిస్తూ కూర్చున్నాను."

ఆయన తల ఊపాడు. అలా ఆలోచిస్తూ బెంచీ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. బండి పొందూరు వైపు వెళ్లిపోయింది. తయారు చేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"తొట్టి కారుతోంది," అన్నాడు.

"ఎడమ మూల."

"రోజూ ఆ గుడ్డ నువ్వే పిండుతున్నావా?"

"దీపావళి నుంచీ."

"చెప్పలేదేం?"

"అడగలేదు మీరు."

"నీళ్లు తోడేసి మళ్లీ లప్పం పెట్టాలి."

"ఈసారి నూనె నేను పోస్తాను. మీరు ఎక్కువ పోశారు. అప్పుడే చెప్పాను."

"నువ్వు చెప్పలేదు."

"చెప్పాను!"

"సుద్దపొడే తక్కువైంది."

"సుద్దపొడి కొలిచింది ఎవరండీ?"

అవతలి ప్లాట్‌ఫారం మీద విజయనగరం బండికి గంట కొట్టారు. ఇద్దరూ వినలేదు. బెంచీ మీద సీసాలో చేప కాసేపు ఆయన్ని చూసింది, కాసేపు ఆవిణ్ణి చూసింది. తరవాత ఎవర్నీ చూడడం మానేసి, కాలవలో పుట్టిన చేపలాగే, తోచిన వైపల్లా ఈదుకుంటూ తిరగసాగింది.